ఖాళీ కడుపు చేపలు

చేపల తొట్ల దగ్గర పురుగులత్త అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. కూరగాయల తుక్కు తిని బలిసే ఈగ పురుగులను రేకుల షెడ్డులో ట్రేలలో పెంచి, ఎండబెట్టి, పిండి పట్టించి చేపల మేతలో కలపడం ఆవిడ పని. ఆ పేరు పెట్టింది వలలు లాగేవాళ్లు, ఎగతాళికి. ఆవిడ ఫోను ఎత్తి "పురుగులత్తని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టాక ఆ ఎగతాళిలో పస పోయింది.

ఆ ఏడు యజమాని రెండు తొట్లు ఆవిడ చేతిలో పెట్టాడు. ఒకదానికి ఎప్పటిలాగే ఎండుచేపల పిండి, రెండోదానికి పురుగుల పిండి. రెండింట్లోనూ చేపలు ఒకేలా ఎదిగాయి. అయినా యజమాని మెత్తబడలేదు. కళ్లారా చూశాక కూడా ఇంకొకరిని అడిగితే కానీ నమ్మే మనిషి కాదాయన.

"పైకి బాగానే ఉన్నాయక్కా. లోపల పేగులు ఎలా ఉన్నాయో? ల్యాబులో చూపిద్దాం. పురుగుల పిండి వాటికి పడలేదని తేలిందంటే మాత్రం ఆ షెడ్డులో వలలు పెట్టుకుంటా."

"చూపించండి బాబూ. నా ట్రేలు ఎక్కడికీ పోవు."

ల్యాబులో చూసేది ఆవిడ కోడలే. ఏ చేప ఏ తొట్టిదో కోడలికి చెప్పకూడదని, సంచుల మీద గుర్తులు మాత్రమే ఉండాలని యజమాని షరతు పెట్టాడు. "చెప్పినా ఫరవాలేదు బాబూ, అత్తను గెలిపించే కోడలు ఎక్కడైనా ఉందా?" అంది పురుగులత్త.

పురుగు పెంకు చేపకు అంత తేలిగ్గా అరగదని, పేగుల్లో ఉండే కొన్ని బ్యాక్టీరియాకు మాత్రం అదే విందని, మేత మారితే ఆ గుంపూ మారుతుందని కోడలు ఒకసారి వంటింట్లో చెప్పింది. అత్తకు అది బాగా పట్టింది. "అయితే నేను మేపేది చేపల్ని కాదు, వాటి కడుపులో అద్దెకున్నవాళ్లని" అంది.

చేపలను ల్యాబుకు తీసుకెళ్లే రోజే రెండు తొట్ల చేపలూ అమ్మకానికి వెళ్తున్నాయి. ఎక్కడికి పంపే చేపనైనా ముందురోజు పస్తు ఉంచడం అక్కడి పద్ధతి. నిండు పొట్టతో ఎక్కిన చేప దారిలో నీళ్లు పాడుచేసి పక్కవాటి ప్రాణం కూడా తీస్తుంది. ఈ పనిలో పురుగులత్తది అందెవేసిన చెయ్యి. చుట్టాలొస్తున్నారని ఇల్లు కడిగినట్టు, ల్యాబుకు వెళ్లే చేపలను ఇంకో పూట ఎక్కువే మాడ్చింది.

కోడలు మొదటి చేపను కోసి, పేగు విప్పి, తలెత్తింది.

"అత్తయ్యా, వీటికి అన్నం పెట్టలేదా?"

"ఎందుకు పెడతానమ్మా? అద్దంలా ఉంది చూడు."

"నాకు కావలసింది మీరు కడిగేశారు. పేగు గోడకు అంటుకున్న బ్యాక్టీరియా నాలుగు దొరుకుతాయేమో కానీ మేతతో పెరిగినవి ఎక్కడున్నాయి? ఇలా చూస్తే రెండు రకాలూ ఒకేలా కనిపిస్తాయి."

పురుగులత్త చేతులు కూడా తుడుచుకోకుండా ఫోను తీసింది. అక్కడ తొట్ల దగ్గర లారీ నిండుతోంది.

"బాబూ, తప్పు నాదే. పేగులు చూపించమంటే పస్తు పెట్టి తీసుకొచ్చా. తొట్టికో బుట్టెడు చేపలు ఆపండి."

"అయితే తేలలేదన్నమాట" అన్నాడు యజమాని.

"తేల్చడానికే ఆపమంటున్నా. పేగుల్లో బ్యాక్టీరియా గుంపు మళ్లీ కుదురుకునేదాకా మేపి తీసుకెళ్తా."

"ఇదే ఆఖరుసారి అక్కా."

"రెండోసారి అడిగే మొహం నాకూ లేదు."

తిరిగొచ్చేసరికి షెడ్డు మూల తడి వలలు కుప్పగా పడున్నాయి. వలలు లాగేవాళ్ల పెద్ద, షెడ్డు తనకే దక్కినట్టు, అప్పుడే సామాను చేర్చేశాడు. ఆవిడ వాటి పక్కనుంచే ట్రేలు మోసుకెళ్లింది.

రెండోసారి తీసుకెళ్లే రోజు పొద్దున్నే తొట్ల గట్టున ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. అనుకున్నట్టే వలల పెద్ద మేత బుట్ట పక్కకు లాగాడు.

"పట్టబోయే చేపకి మేతేంటత్తా? మతి పోయిందా?"

"ఇవి బజారుకు కాదురా, పరీక్షకు వెళ్తున్నాయి. తినే వెళ్లాలి. బుట్ట అక్కడ పెట్టు."

మేత వేసి, అవి తిని స్తిమితపడ్డాకే పట్టించింది. ఈసారి పేగులు నిండుగా ఉన్నాయి.

ఫలితం వినడానికి యజమాని కూడా వచ్చాడు. కోడలు తొణక్కుండా చెప్పింది. "చుక్క పెట్టిన సంచి చేపల్లో బ్యాక్టీరియా రకాలు ఎక్కువ. పెంకును అరిగించేవి పెరిగాయి. పాలను తోడుపెట్టే జాతివీ పెరిగాయి, అవి పేగుకు మంచివే. పేగు గోడకు వాపు లేదు. ఈ చేపలకు జబ్బే రాదని నేననను. ఆ మేత వీటి పేగును పాడుచేయలేదని మాత్రం రాసిస్తాను."

"చుక్క ఏ తొట్టిది?" అన్నాడు యజమాని, తెలియనట్టు.

"పెట్టించింది మీరేగా బాబూ" అంది పురుగులత్త.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఇంకో రెండు తొట్లకు సరిపడా పిండి ఇవ్వగలవా?"

"చోటుంటే ఇస్తా."

తిరిగొచ్చాక పురుగులత్త వలల కుప్ప ఒక కొస పట్టుకుని బయటికి లాగసాగింది. వలల పెద్ద పరుగెత్తుకొచ్చి రెండో కొస అందుకున్నాడు.

"ఎక్కడ పెట్టమంటావత్తా?"

"ఎండలో వెయ్యి, కంపు పోతుంది. ఈ మూలకు ట్రేలు వస్తున్నాయి."