కన్ను ఆనించే కెమెరా

గండికోటలో పెన్నా లోయ అంచున గొర్రెలు మేపేటప్పుడు మంద లోపలి వైపు ఉండాలి, కాపరి లోయ వైపు నిలబడాలి. తిరుపాల్‌కు నాన్న మొదట నేర్పింది అదే. గొర్రెలు అమ్మేసి, కోట చూడవచ్చేవాళ్లకు ఫొటోలు తీసే పనిలోకి దిగినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

ప్రొద్దుటూరు షాపువాడు రెండు కెమెరాలు ముందు పెట్టాడు. ఒకటి జేబులో పట్టే చిన్నది, ఇంకొకటి మెడలో వేసుకునే డీఎస్ఎల్ఆర్.

"చిన్నదే తీసుకో. చెయ్యి చాపి పట్టుకుంటే కాళ్ల కింద నేల గూడా కనపడ్తాది. ఆ పెద్దదానికి కన్ను ఆనిస్తే ఇంకేం కనపడదు," అంది భార్య రజని.

"చిన్నదాన్ని చూసి ఎవుడు నిలబడ్తాడే? అందరి దగ్గరా ఫోన్లుండాయి," అని కసిరి పెద్దదే కొన్నాడు.

మర్నాడు పొద్దున ఒక కుటుంబాన్ని కోటగోడ ముందు నిలబెట్టి, తాను అలవాటుగా లోయ వైపుకు వెళ్లాడు. ఎడమ కన్ను మూసి, కుడి కన్ను కెమెరాకు ఆనించాడు. గోడ మొత్తం పట్టలేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు.

కెమెరాలో అందరి నవ్వులూ ఒక్కసారిగా ఆరిపోయాయి. చిన్నపాప నోరు పెద్దగా తెరిచింది. లోయగాలి హోరులో అరుపు వినపడలేదు.

"అట్ల మొగం పెడితే ఎట్ల పాపా, నవ్వు," అంటూ తిరుపాల్ మరో అడుగు వెనక్కి వేశాడు.