నడిచే మనిషి బొమ్మ

మా కాలనీ ఆడవాళ్ల ఫోన్ గ్రూపులో నడిచే మనిషి బొమ్మకు ఒకటే అర్థం. పొద్దున్నే ఎవరు ఆ బొమ్మ పెట్టినా సరూర్‌నగర్ చెరువు వైపు వాకింగ్‌కు బయల్దేరినట్టు. సగం మంది బొమ్మ పెట్టి మళ్లీ ముసుగు తన్నేవారు, అది వేరే సంగతి.

అన్న పంపిన బొమ్మను కూడా నేను అట్లాగే చదివాను.

అన్న ఎల్బీనగర్‌లో ఉంటాడు. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లు అక్కడే పని. మార్కెట్ ఊరవతలికి పోయాక రోజూ స్కూటర్ మీద అంత దూరం పోయి వచ్చేవాడు. అట్లా వస్తుంటేనే లారీ తగిలింది. వెన్నుకు ఆపరేషన్ చేశారు. మళ్లీ నడుస్తాడా అంటే డాక్టర్ "చూద్దాం" అన్నాడు. అన్నను ఇంటికి తెచ్చిన వారంలోనే నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మా మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. పిండికట్టుతో ఇంట్లోనే పడి ఉన్నాను.

అన్నకు ఫోన్లో మాట్లాడటమంటే గిట్టదు. హలో అనేలోపే పెట్టేస్తాడు. అందుకని పొద్దున్నే "ఎట్లుంది అన్నా?" అని మెసేజ్ పెట్టేదాన్ని. జవాబుగా నడిచే మనిషి వచ్చేవాడు. మొదటిసారి చూసినప్పుడు సంతోషంతో ఏడ్చేశాను. మా ఆయనకు చూపించాను, పక్కింటావిడకు చూపించాను. వదినను అడిగితే "మంచిగనే ఉన్నడు" అని ఊరుకునేది. ఆవిడ మాటలకు ఎప్పుడూ పొదుపే కదా అనుకున్నాను.

నా కట్టు విప్పాక బజారులో అన్న కొలతకు మెత్తటి బూట్లు కొని మెట్రో ఎక్కాను.

అన్న మంచం మీద ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నా దుప్పటి కింద కాళ్లు కదలలేదు.

"రోజు నడుస్తున్నవ్ కదా?" అన్నాను.

"నేనెప్పుడు చెప్పిన?"

ఫోన్ తీసి బొమ్మలు చూపించాను.

"ఎట్లుంది అని అడిగినవ్ కదనే. నడుస్తుంది అని పెట్టిన."

మా ఇంట్లో ఎవరిని అడిగినా వచ్చే జవాబే అది. పని పోయినా "నడుస్తుంది", జ్వరంతో మూలుగుతున్నా "నడుస్తుంది". పుట్టినప్పటి నుంచి విన్న మాట, నాకు తట్టనే లేదు. వదిన గుమ్మంలో నిలబడి, "నడుము కింద ఏం తెలుస్తలేదు ఆయనకు. డాక్టర్ ఇగ కాదన్నడు" అని వంటింట్లోకి పోయింది. నాకు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

అన్న చూపు నా సంచీ మీద పడింది.

"ఏం తెచ్చినవ్?"

"ఏం లేదన్నా."

"తియ్యరాదూ."

తీశాను. అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికిచ్చాడు. "తొడుగు" అన్నాడు.

మంచం చివర కూర్చుని, మడమ అరచేతిలో పట్టుకుని ఒక్కొక్కటే తొడిగాను. తాళ్లు కడుతూ అలవాటుగా అడిగేశాను.

"బిగుతైతున్నయా అన్నా?"

అన్న తన పాదాల వైపు చూస్తూ కాస్త ఆలోచించాడు.

"లేదు," అన్నాడు. "మంచిగ సరిపోయినయ్."