నాగరత్నమ్మ కోసం ఇంకో వాల్వు

మార్కాపురంలో మైకు సెట్టంటే ఇనాయతుల్లాదే. కరెంటు లేని ఊళ్లో మోటారు బ్యాటరీ మీద దాన్ని పాడించేవాడు. సెట్టు, రెండు హారన్లు, వైర్ల చుట్ట ఎద్దుల బండికెత్తుకుని గిద్దలూరు నుంచి దర్శి దాకా తిరిగి తిరిగి మనిషి నలిగిపోయాడు. నేను నాటకాలకు హార్మనీ వాయించేవాణ్ణి కనుక ఆ బండిలోనే ఓ మూల పడి ఉండేవాణ్ణి. ఆ కుదుపులకు నా నడుం ఎప్పుడో పోయింది.

యుద్ధం రోజులవి. పెట్రోమాక్సు లైట్లకు కిరసనాయిలు దొరక్క నాటకాలు పగలే ఆడేవాళ్లం, పందిరి కింద, ఉక్కపోతలో.

రాణి వేషం నాగరత్నమ్మది. వయసు మళ్లింది, గొంతు తగ్గింది. కంభంలో ఆడినప్పుడు వెనక చాపల మీద కూర్చున్నవాళ్లు "ఇనపడలా!" అని అరిచారు. నాటకాల కంట్రాక్టరు రంగనాయకులు ఆమె మొహం మీదే అనేశాడు: "మార్కాపురంలో గూడా ఇట్లనే అయితే దర్శి నాటకానికి వేరే మనిషిని చూసుకుంటా." ఎంత నోరో చూడండి! ఇన్నాళ్లూ వాడు బతికింది ఆమె పద్యాల మీదే.

ఆమె ఇనాయతుల్లా ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"అన్నా, గట్టిగా పాడితే ఆయాసం వస్తాంది. నేను మెల్లగా పాడతా. నీ సెట్టు గట్టిగా పాడాల."

"చూస్తాలేమ్మా," అన్నాడాయన.

ఇంట్లో రేడియోలోంచి ఓ వాల్వు, బల్బులాంటి గాజు బుడ్డి, పీకి సెట్టులో చేర్చాడు. మైకు పట్టిన సన్న ధ్వనిని ముందు ఈ కొత్త వాల్వు పెంచి పాతవాటికి అందిస్తుంది. అవి ఇంకా పెంచి హారన్లకు పంపుతాయి. చెప్పడానికి ఇంతే. సెట్టు ఊరుకుంటేనా! ధ్వని పెంచే మీట కాస్త తిప్పితే చాలు, కుయ్యోమని కూసేది. తీగలు మార్చి, వాల్వుకు రేకు తొడుగు చేసి, మళ్లీ విప్పి, మళ్లీ అతికాడు. "రేడియో పాయె, ఇంట్లో నెమ్మదీ పాయె," అని ఆయన భార్య చాంద్బీ సణిగింది. చివరికి కూత ఆగింది.

మార్కాపురం నాటకంలో నాగరత్నమ్మ మాట్లాడుతున్నట్టే మెల్లగా పాడింది. పందిరి అవతల బండ్ల మీద కూర్చున్నవాళ్లకు కూడా ప్రతి మాటా వినబడింది. నా కళ్లు చెమర్చాయి, దాచుకోవడమెందుకు. ఆఖరి అంకంలో పెద్ద పద్యం ముగియగానే జనం "వన్స్ మోర్!" అని లేచారు.

వన్స్ మోర్ అంటే మొదటి నుంచి మళ్లీ పాడాల్సిందే. పాడకపోతే గొంతు పోయిందని ఊరూరా చెప్పుకుంటారు. పాడింది. సగంలో ఆయాసం మొదలైంది. అయ్యో, పద్యమేదో ఆయాసమేదో ఆ వాల్వుకేం తెలుసు! ఆమె ఛాతీలోని పిల్లికూతలు కూడా హారన్లలోంచి వచ్చాయి. ముందు వరసవాళ్లు మొహాలు చూసుకున్నారు. వెనక కుర్రకారు మాత్రం మళ్లీ "వన్స్ మోర్!" ఆ మాట ఈ దేశానికి తెచ్చినవాడెవడో గానీ, వాడి నోట్లో మన్ను పడ!

ఆమె పందిరి గుంజ పట్టుకుని, శ్రుతి ఇమ్మని నాకు సైగ చేసింది. నా వేళ్లు కదల్లేదు.

అప్పుడు ఇనాయతుల్లా మీటను చివరికంటా తిప్పేశాడు. చెవులు చిల్లులు పడేట్టు సెట్టు కూసింది. వెంటనే బ్యాటరీ వైరు లాగేసి, "సెట్టు పాయె నాయనా, ఇంక పలకదు!" అని అరిచాడు. జనం పద్యం సంగతి మర్చిపోయి ఆయన మీద పడ్డారు. తిట్టని తిట్టు లేదు. ఆ సందట్లోనే మంగళం పాడి తెర దించేశాం.

రంగనాయకులు తెర వెనక్కి వచ్చాడు. "దర్శికి నువ్వే రావాలమ్మా. నీ గొంతుకేమైంది, బంగారం లెక్క ఉంది. ఆ కూతలన్నీ ఈ సాయిబు డొక్కు సెట్టువే, అది ఇంక మనకొద్దు," అని వెళ్లిపోయాడు.

ఇనాయతుల్లా తలెత్తకుండా వైరు చుట్టుకుంటున్నాడు. నాగరత్నమ్మ ట్రంకు పెట్టె మీద కూర్చుని చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"అన్నా, నా పేరు నిలబెట్టినావు," అంది. "నువ్వు లేకుండా దర్శిలో నేనెట్ల పాడేది?"

ఆయన చేతిలో వైరు ఆగిపోయింది.