అప్పగింతల బస్సు

ఆ రోజుల్లో మనిషిని ఒంటరిగా బస్సెక్కించే అలవాటు మా రాజాం వైపు లేదు. ఎక్కేది ఒక్కరే అయినా ఎవరో ఒకరి చేతిలో పెట్టి పంపేవారు. కిటికీ దగ్గరకొచ్చి ముక్కూ మొహం తెలియని మనిషితో "కాస్త చూసుకోండమ్మా" అంటే చాలు, భారం అటు మారిపోయేది. బాధ్యత భయం వల్ల వస్తుందా, బుద్ధి వల్ల వస్తుందా అని ఇప్పుడు ఉపన్యాసాలు చెబుతున్నారు గానీ, నాకు మాత్రం అది మొదటిసారి ఒక మామ్మ రూపంలో వచ్చి పక్కన కూర్చుంది (సీటులో ముప్పాతిక వంతు ఆవిడే ఆక్రమించింది).

అరవయ్యో దశకం చివరి రోజులవి. విజయనగరంలో నాకు టీచర్ ట్రైనింగు సీటొచ్చింది. రాజాంలో బెల్లం కొట్టు నడిపే మా నాన్నకు ఆడపిల్ల హాస్టల్లో ఉండడం ససేమిరా ఇష్టం లేదు. అమ్మ బతిమాలగా బతిమాలగా ఒక మెలిక పెట్టి ఒప్పుకున్నారు. "అంత పెద్దదైపోనాది కదా, ఒక్కర్తినే ఎల్లమను. దారిలో ఏ తేడా వచ్చినా తిరిగొచ్చి కొట్లో కూకోడమే." పైగా ఆ సాయంత్రం ట్రైనింగు స్కూలు ఆఫీసు మూసేలోగా చేరకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. నాన్న బస్సు దగ్గరకు కూడా రాలేదు. అమ్మే వచ్చి, నా రేకుపెట్టె బస్సు మీదికెక్కించింది.

పక్క సీటు మామ్మ రామతీర్థంలో కూతురింటికి వెళ్తోంది. ఆవిడతో అమ్మ ఏదో గుసగుసలాడుతోంటే నేను వినలేదు, ఎందుకంటే అప్పుడే ఆవిడ కొడుకు నన్ను పక్కకు పిలిచాడు. "సెల్లెమ్మా, మా యమ్మ నీ సేతిలో ఉన్నాది. రామతీర్థం మలుపు కాడ మా బావ బండి కట్టుకోని ఉంటాడు, ఆడికి ఒప్పజెప్పీ." నన్ను పెద్దదాన్నిగా చూసి పని చెప్పిన మొదటి మనిషి అతను. అంతవరకు నేను ఏ పని సవ్యంగా చేసినా నాన్న కంటి ఎరుపుకు జడిసి చేసిందే. ఆ ఒక్క మాటతో నా నడుము నిటారుగా లేచింది. మామ్మకు గాలి తగులుతోందా, దాహమేస్తోందా అని దారంతా ఆరాలే. ఆవిడా జంతికలు నా చేతిలో కుక్కుతూ నా మీదే కన్నేసి కూర్చుంది. ఎంత ప్రేమ గల మనిషో అనుకున్నాను.

మలుపు దగ్గర బస్సాగింది. అక్కడ ఎడ్లబండి, మీసాల అల్లుడు సిద్ధంగా ఉన్నారు. "దిగండి మామ్మా" అని మూట పట్టుకుని ముందు నేనే దూకాను. వెనకనుంచి కేక. "ఓలమ్మో! ఏటే గుంటా, ఇక్కడ దిగిపోనావేటే! నీది ఇజీనారం కదేటే!" నన్ను పట్టుకోవడానికి ఆవిడా దిగింది. కండక్టరు ఈల వేశాడు. బస్సు నా పెట్టెతో సహా వెళ్ళిపోయింది.

"మీరు దిగాల్సింది ఇక్కడే కదా మామ్మా!"

"నానెందుకు దిగుతానే? నిన్ను ఇజీనారంలో దింపి తిరుగు బస్సుకొద్దామనుకున్నాను. మీ యమ్మ నా సెయ్యట్టుకుని ఒప్పజెప్పినాది."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నా సర్టిఫికెట్లన్నీ పెట్టెలోనే ఉన్నాయి. బెల్లం కొట్టు, దాని ఈగలు కళ్ళముందు తిరిగాయి. మీరు వెళ్ళిపోండి, నా తిప్పలు నేను పడతానన్నాను. అల్లుడు కూడా "అత్తా, ఇంటికాడ వంటయిపోనాది" అని నసిగాడు. "నువ్వు ఎడ్లకి గడ్డేసి కూకో నాయినా. పిల్లని ఒగ్గేసొస్తే నాకు ముద్ద దిగుతాదేటి?" అంది మామ్మ. మా అమ్మెవరో కూడా తెలీదు కదా, ఎందుకింత అని అడిగేశాను. ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "తెలిసినోలైతే తిట్టుకుని ఊరుకుంటారే. తెలీని మనిషి నమ్మినాది. ఇంకేటి సేత్తావు?"

తర్వాతి బస్సులో నిలబడి విజయనగరం చేరాం. బస్టాండులో నా పెట్టె మీద మా కండక్టరు కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, "పేణం తీసీసినావమ్మా! నెల్లిమర్లలో ఎనక్కి సూస్తే సీటు కాళీ. మీ నాయినకి ఏటి సెప్పాలిరా దేవుడా అని టీ కూడా తాగనేదు" అన్నాడు.

"మా నాన్నకా?"

అతను నాలిక్కరుచుకున్నాడు. "పొద్దుటే బస్సు కడుగుతుంటే వచ్చినారు. 'పిల్ల నీ సేతిలో ఉన్నాది, నాను సెప్పినట్టు మటుకు దానికి తెలవకూడదు' అన్నారు."

నడిబజారులో నవ్వుతూ ఏడ్చాను. నాన్న మీద అంత ప్రేమ అంతకుముందెప్పుడూ పొంగలేదు. ఆఫీసు మూసే వేళకు పరుగెత్తుకెళ్ళి చేరిపోయాను. తోడొచ్చినావిడ ఏమవుతుందని గుమస్తా అడిగితే, "ఒక్క బస్సులో వచ్చినాం బాబూ" అంది మామ్మ, అంతకంటే చుట్టరికం ఏముంటుందన్నట్టు. తిరుగు ట్రిప్పులో ఆవిడను మలుపు దగ్గర దింపే భారం కండక్టరు నెత్తినేసుకున్నాడు. (అల్లుడు పాపం సాయంత్రం దాకా బండి దగ్గరే ఉన్నాడట.)

ఇప్పుడు నాకూ మామ్మంత వయసొచ్చింది, సీటు ఆక్రమణ కూడా ఆవిడకు తీసిపోదు. నాకు ఫోనుంది, టికెట్టుంది, నన్నెవరికీ అప్పగించాల్సిన పని లేదు. మొన్న బస్సులో పక్క సీటమ్మాయి చెవుల్లో పాటలు పెట్టుకుని నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. తనది ఏ ఊరో తెలీదు, తననెవరూ నా చేతిలో పెట్టనూ లేదు. అయినా బస్సాగినప్పుడల్లా ఊరి పేరు చదివి, తట్టి లేపి, "అమ్మలూ, నువ్వు దిగేది ఇక్కడేనా?" అని అడుగుతూనే ఉన్నాను. పాపం, ఆ పిల్లకు దారంతా నిద్ర లేదు.