తాళం పెట్టిన ఇంట్లో కండక్టరు గారు

ఆయన ఉద్యోగమంతా నిలబడే చేశాడు. కుదుపుల బస్సులో ఆ తలుపు నుంచి ఈ తలుపు దాకా, జనాన్ని మోచేత్తో తోసుకుంటూ తిరిగిన మనిషి. ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎవరు టికెట్ ఎగ్గొట్టి నిద్ర నటిస్తున్నారో మొహం చూసి చెప్పేవాడు. రిటైరైనా వీధిలో అందరికీ కండక్టరు గారే.

ఇప్పుడు కూతురింట్లో, మూడో అంతస్తులో, ప్లాస్టిక్ కుర్చీకి అతుక్కుపోయాడు. కూతురు మందుల కొట్టులో పనిచేస్తుంది. పొద్దున్నే బయట తాళం పెట్టి పోతుంది. చెడ్డది కాదు, పాపం, హడలిపోయింది. ఆ హడలు పుట్టించిందీ ఈయనే. మొన్న వానాకాలంలో పాల ప్యాకెట్టుకని దిగాడు. ఎదురుగా బస్సు ఆగింది, కాలు ఊరుకోలేదు. వెనక నుంచి ఎక్కి, "టికెట్, టికెట్, లోపలికి జరగండమ్మా" అని మొదలుపెట్టాడు. సగం బస్సు చేతులు చాపింది కూడా! అసలు కండక్టరమ్మ తెల్లబోయి, "మీ ఇల్లెక్కడ తాతా?" అంటే ఇల్లు గుర్తుకు రాలేదు.

ఆ రోజు నుంచి తాళం. కూర్చుని కూర్చుని మోకాళ్లు బిగుసుకున్నాయి, వాటితోపాటు బుర్రా బిగుసుకుంది. పొయ్యి మీద నీళ్లు పెట్టి మరిచాడు, గిన్నె మాడింది. దాంతో వంటింటికీ గొళ్లెం పడింది. మరిచినకొద్దీ తలుపులు మూస్తుంది, మూసినకొద్దీ ఇంకా మరుస్తాడు.

"రోజూ నడిపించమ్మా," అంది ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మ. "కాళ్లు ఆడితే బుర్రా ఆడుతుంది."

"వదిలితే బస్సెక్కుతాడండీ!"

"తాళం వేస్తే ఎక్కడికీ పోడు, నిజమే. మనిషీ మిగలడు."

కూతురికి చురుక్కుమంది. సాయంత్రం కొట్టు నుంచి రాగానే చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"దొంగని పట్టుకెళ్తున్నట్టు ఏంటే ఈ పట్టు?"

"దొంగైతే పోలీసులే చూసుకునేవాళ్లు. నడు నాన్నా."

నడిచారు, రోజూ. కొన్నాళ్లకి రంగు తేలాడు. పక్కింటావిడ మనవరాలిని పేరు పెట్టి పిలిచాడు. ఒకరోజు గేటు దగ్గర ఆగి, "మలుపు దాకా నన్నొక్కణ్నే పోనీ అమ్మాయ్. తిరిగొస్తే రేపటి నుంచి తాళం వద్దు," అన్నాడు.

కూతురు అటూ ఇటూ నలిగింది. చివరికి చెయ్యి వదిలింది.

మలుపు దగ్గర బస్సు వచ్చి ఆయన ముందే ఆగింది. కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన చెయ్యి తలుపు కమ్మీ మీదికి పోయింది. తర్వాత బస్సు వీపు మీద చరిచి, "రైట్, రైట్!" అని దాన్ని పంపించేశాడు. వెనక్కి తిరిగి, గెలిచిన మొహంతో నడిచొచ్చాడు.

తెల్లారింది. కూతురు సంచీ తగిలించుకుని గుమ్మం దాటింది. తలుపు దగ్గరికి లాక్కుంటుంటే ఆయన సందులోంచి చూశాడు.

"నిన్న ఎక్కలేదుగా, అమ్మాయ్?"

"ఎక్కలేదు నాన్నా." ఆమె తలెత్తలేదు. "నిన్న నేనున్నా."

తాళం పడింది.