వీపు కుట్టు

విల్‌ఫ్రెడ్ రైలు గార్డుగా రిటైరై తొమ్మిదేళ్లయింది. అతని ఆదివారం వేషం మాత్రం మారలేదు. ఇత్తడి బొత్తాల నీలం కోటు, కాలర్ కొసలకు బొత్తాలున్న చొక్కా, వదులు ఖాకీ ప్యాంటు. పడుచుతనంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఒక పాత పత్రిక దొరికింది. అందులో అమెరికా కాలేజీ కుర్రాళ్లు పచ్చికలో కూర్చుని నవ్వుతున్నారు. అప్పటినుంచి అదే బొమ్మ చూపించి కుట్టించుకుంటున్నాడు.

కుట్టేది పూరీ గేట్ అనే పేటలో ఉండే దర్జీ తిమోతి. ఇద్దరిదీ ఒకే చర్చి. అక్కడ ఎవరు పోయినా కోటు తొడిగే పని కూడా అతనిదే. బిగుసుకున్న చేతులు మడవవు. అందుకని కోటును వీపున నిలువునా కోసి, ముందు నుంచి తొడిగి, అంచులు ఒంటి కిందికి దోపుతాడు. పెట్టెలో పడుకోబెట్టాక కనబడదు.

క్రిస్మస్ తర్వాత విల్‌ఫ్రెడ్ కడుపులో జబ్బు బయటపడింది. ఇక కొన్ని నెలలే అన్నారు డాక్టర్లు. మనిషి చిక్కిపోయాడు. కోటు భుజాలు అలాగే నిలబడ్డాయి. వాటి మధ్య అతను లేడు.

ఫిబ్రవరిలో బట్టలన్నీ బ్యాటరీ రిక్షా టోటోలో వేసుకుని తిమోతి దగ్గరికి వచ్చాడు. తిమోతి ఒకప్పుడు కోల్‌కతా దుకాణంలో ఇటలీ తరహా కోటు కోత నేర్చుకున్నాడు. ఇక్కడ అడిగినవాళ్లు లేరు. దాని భుజాల్లో దూది ఉండదని, లోపల లైనింగ్ ఉండదని, చొక్కాలా ఒంటి మీద వాలుతుందని చెప్పాడు. విల్‌ఫ్రెడ్ తన నీలం కోటు భుజం నొక్కి చూశాడు.

"అంత మెత్తగుంటే, కొయ్యకుండా తొడగొచ్చేటి?"

తిమోతి టేపు చుట్టాడు.

"మా సూసన్న, వాళ్ల నాన్న కోటు నువ్వు కోసినప్పుడు పక్కనే ఉన్నాది. ఆ కత్తెర సప్పుడు ఇప్పటికీ సెప్తాది. నాది కొయ్యొద్దు, తిమోతీ."

"సూద్దాం, అన్నా."

చొక్కాల కాలర్లు విప్పి వెడల్పువి వేశాడు. ప్యాంట్లు సన్నం చేసి, చీలమండ పైకి ఎత్తాడు. బూడిదరంగు బట్టతో కొత్త కోటు కుట్టాడు. అది ఎందుకు కుట్టించుకున్నాడో భార్య సూసన్నకు విల్‌ఫ్రెడ్ చెప్పలేదు.

"అరవై తొమ్మిదేళ్లకి ఇటలీ ఏటి? పెళ్లిసూపులకా?" అంది సూసన్న.

"నువ్వు ఒప్పుకుంటే."

ఆమె నవ్వింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

నాలుగు ఆదివారాలు ఆ కోటుతో చర్చికి వెళ్లాడు. బాగుందన్నారు. ఐదో ఆదివారం లేవలేకపోయాడు.

ఏప్రిల్‌లో ఆస్పత్రిలో పోయాడు. కాగితాలు తేలక రాత్రంతా మార్చురీలో ఉంచారు. మర్నాడు మధ్యాహ్నం ఇంటికి తెచ్చేసరికి చేతులు రొమ్ము మీద బిగుసుకుపోయాయి. తిమోతి అరగంట ప్రయత్నించాడు. ఒక చెయ్యి దూరింది. రెండోది దూరలేదు.

కోటు తీసి బోర్లా పరిచాడు. కత్తెర ముట్టలేదు. చిన్న బ్లేడుతో వీపు నడిమి కుట్టును ఒక్కో పోగే విప్పాడు. విప్పుతూ, ఫిబ్రవరిలో విల్‌ఫ్రెడ్ అడిగింది సూసన్నకు చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

తొడిగారు. తిమోతి అంచులు దోపబోయాడు.

"కుట్టు, తిమోతీ."

"వీపు కదా వదినా. ఎవరికీ కనబడదు."

"కుట్టు."

సమాధుల తోటకు వెళ్లే బండి వాకిట్లో నిలబడి ఉంది. పాస్టరు గడియారం చూసుకున్నాడు. సూసన్న భర్తను తన వైపు తిప్పుకుని, ఒడికి ఆనించి పట్టుకుంది. తిమోతి మోకాళ్ల మీద కూర్చుని సూదిలోకి దారం ఎక్కించాడు. మెడ నుంచి నడుము దాకా, దగ్గర దగ్గరగా, చేతికుట్టు వేశాడు.

అది అయ్యేదాకా ఆమె అతన్ని పట్టుకునే ఉంది.