కొత్త మోటారుకు ప్రార్థన

ఎనభైల మొదట్లో, నాకు పెళ్లయిన కొత్త. వరంగల్ దగ్గరి పాకాల చెరువులో మా మామగారు మోటారు పడవ నడిపేవారు. పాత మోటారు మొరాయిస్తోందని తీసేసి, దానికి రెట్టింపు బరువున్న కొత్తది పడవ వెనక బిగించారు. మొదటిరోజు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, చెరువు నడుమ మోటారు ఆపారు.

“అందరు దీని మీద చెయ్యి పెట్టుండ్రి, ప్రార్థన చేద్దాం” అన్నారు.

అందరం వెనక్కి చేరి కళ్లు మూసుకున్నాం. మామగారి ప్రార్థన ఓ పట్టాన తెమలదు. మోటారు పక్కనే ఉన్న నాకు పాదాల కింద చల్లగా తగిలింది. కళ్లు తెరిస్తే, నీళ్లు లోపలికి వచ్చేస్తున్నాయి! నాకు ఈత రాదు. పైగా అది మొసళ్లున్న చెరువు. కొత్త కోడల్ని, మామగారి ప్రార్థనను ఎలా ఆపను?

“ఆమెన్!” అని కెవ్వుమన్నాను.

అందరూ అలవాటుగా “ఆమెన్” అని కళ్లు తెరిచారు.

“ఆగం గాకుండ్రి! ఒక్కొక్కరు మెల్లగ ముందటికి జరుగుండ్రి!” అన్నారు మామగారు. గిన్నెలతో నీళ్లు తోడుకుంటూ ఒడ్డు చేరాం.

మర్నాడే పడవ ముందు భాగంలో ఇసుక బస్తాలు వేశారు. నాకు ఇప్పటికీ ఉన్నట్టుండి పాదం తడిస్తే గుండె ఝల్లుమంటుంది. మామగారు మాత్రం బతికున్నన్నాళ్లూ ప్రార్థన మొదలుపెట్టే ముందు నావైపు తిరిగి అనేవారు: “బిడ్డా, నువ్వు జర కండ్లు తెరిచే ఉంచు.”